జర్మనీకి నర్సుగా వచ్చాక ఇంటి బెంగ తగ్గడం లేదు. ఇక్కడ మనవాళ్లు అనిపించే మనుషులు దొరికేది ఎలా?

జగిత్యాల నర్సు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. నర్సింగ్ చదివి, హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రి ఐసీయూలో కొన్నేళ్లు పనిచేసి, జర్మన్ భాష బీ2 స్థాయి వరకు నేర్చుకుని, నిరుడు సాక్సనీ రాష్ట్రంలోని ఒక చిన్న పట్టణానికి వచ్చాను. జీతం సమయానికి వస్తుంది, ఇల్లు బాగుంది, వీసా కాగితాలలో ఏ చిక్కూ లేదు. ఎందుకు దిగులుగా ఉన్నావని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక్క కారణం కూడా లేకపోవడమే నన్ను మరింత ఇబ్బంది పెడుతోంది.

ఉదయం డ్యూటీ ఆరు గంటలకు మొదలవుతుంది. మధ్యాహ్నం డ్యూటీ ముగించుకుని ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది. అప్పటికి మా ఊళ్లో వేసవిలో అయితే ఒంటిగంట, చలికాలంలో అయితే రెండు. అమ్మ పడుకోకుండా ఎదురుచూస్తానంటుంది, నేను వద్దంటాను. సెలవు రోజున మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా వీడియో కాల్ నడుస్తూనే ఉంటుంది. ఆదివారం ఇక్కడ దుకాణాలన్నీ మూసి ఉంటాయి, వీధిలో మనిషి అలికిడి ఉండదు.

సహోద్యోగులు మంచివాళ్లే, తప్పు చేస్తే ఓపికగా చెబుతారు. కానీ డ్యూటీ అయిపోగానే 'షోనెన్ ఫైరాబెంట్' (పని అయిపోయింది, సాయంత్రం హాయిగా గడవాలి) అనేసి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. ముసలి రోగులు మాట్లాడే సాక్సన్ యాస బీ2 పుస్తకాలలో ఎక్కడా లేదు. విశ్రాంతి గదిలో అందరూ దేనికో నవ్వుతారు, అర్థం కాకపోయినా నేనూ నవ్వుతాను. నెలకొకసారి లైప్‌జిగ్ వెళ్లి అక్కడి తెలుగు స్నేహితులతో కలిసి వండుకుని తింటాను, ఆ పూట హాయిగానే ఉంటుంది గానీ తిరుగు రైలు ఎక్కగానే వెళ్లక ముందుకన్నా దిగులు ఎక్కువవుతుంది.

నేను మనవాళ్లతోనే ఉండడం మేలా, లేక వాళ్లకు దూరంగా ఉండి జర్మన్లతో కలవడానికే ప్రయత్నించాలా? ఈ బెంగ ఎంతకాలం ఉంటుంది? తిరిగి వెళ్లిపోవాలన్న ఆలోచన వారం వారం వస్తోంది, అది సరైన ఆలోచనేనా అన్నది కూడా తేల్చుకోలేకపోతున్నాను. అనుభవమున్న అక్కలు, అన్నలు చెప్పగలరు.

రూర్ అక్క రాసిన సమాధానం:

చెల్లీ, నేనూ నర్సునే. మాది ఖమ్మం. పశ్చిమ జర్మనీలోని రూర్ ప్రాంతంలో ఉండబట్టి దశాబ్దం దాటింది. నీ ప్రశ్నలో నువ్వు అడగని విషయం ఒకటి ఉంది, ముందు దాని గురించి చెబుతాను.

హైదరాబాదు ఐసీయూలో నువ్వు వెంటిలేటరు చూసుకున్నావు, సెలైన్లు ఎక్కించావు, డాక్టరు అడిగిన ప్రశ్నకు టక్కున జవాబు చెప్పావు. రోగికి స్నానం చేయించడం, అన్నం తినిపించడం, పక్క మార్చడం ఆయాలో ఇంటివాళ్లో చూసుకున్నారు. ఇక్కడ అవన్నీ నర్సు పనులే. ఎంత పెద్ద చదువు చదివినా, ఎంత అనుభవం ఉన్నా చేయాల్సిందే. దానికి తోడు మన డిగ్రీకి గుర్తింపు వచ్చేదాకా, అంటే 'కెంట్‌నిస్‌ప్రూఫుంగ్' అనే పరీక్ష నెగ్గేదాకా లేదా దానికి బదులుగా ఉండే శిక్షణ పూర్తయ్యేదాకా, కాగితం మీద మనం సహాయకులమే. పదిమందిలో పనిమంతురాలినని పేరు తెచ్చుకున్న మనిషి ఒక్కసారిగా చిన్నపిల్లలా ప్రతి మాటా అడిగి చేయాల్సి వస్తే లోపల ఏదో కుంగుతుంది. మనం దానికి ఇంటి బెంగ అని పేరు పెట్టుకుంటాం. నా లెక్కలో అందులో సగం ఇంటి మీద బెంగ, మిగతా సగం మనం పోగొట్టుకున్న హోదా మీద బెంగ. నీకు గుర్తింపు ఇంకా రాకపోతే, వెళ్లిపోవాలా ఉండాలా అన్న నిర్ణయం అది వచ్చేవరకు వాయిదా వెయ్యి. పరీక్ష తరువాత వార్డులో నీ మాటకు వచ్చే బరువు వేరుగా ఉంటుంది, దానితో పాటు మనసు కూడా చాలావరకు కుదుటపడుతుంది.

సహోద్యోగుల సంగతికి వస్తే, ఇక్కడివాళ్లు మన దగ్గరలా 'ఇంటికి రా, టీ తాగుదువు గాని' అని దారిలో పిలవరు. మూడు వారాల తరువాత వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటికి అని క్యాలెండరు చూసి పిలుస్తారు, పిలిచారంటే నిజంగానే పిలిచినట్టు. వాళ్ల పిలుపు కోసం ఎదురుచూడకుండా నువ్వే ముందు పిలవవచ్చు, దాన్ని ఎవరూ అతిచనువు అనుకోరు. పుట్టినరోజు ఎవరిదైతే వాళ్లే వార్డుకు కేకు తేవడం ఇక్కడి ఆనవాయితీ. వాళ్లు ఏమైనా చేస్తారేమోనని కొత్తగా వచ్చిన మన పిల్లలు ఎదురుచూసి నొచ్చుకోవడం చాలాసార్లు చూశాను. యాస సంగతి రోగులనే అడుగు. డెబ్భై ఏళ్లు దాటిన సాక్సన్ ముసలమ్మకు తన మాట నేర్చుకోవాలని ఎవరైనా అడగడం కంటే సంతోషం ఇంకొకటి ఉండదు, స్నానం చేయించేటప్పుడు మాట్లాడుకోవడానికి అదొక మంచి విషయం కూడా.

మనవాళ్లా, జర్మన్లా అని అడిగావు. ఒకరిని ఎంచుకుని ఇంకొకరిని వదులుకోవాల్సిన అవసరం లేదు. అయితే నెలకొకసారి లైప్‌జిగ్ వెళ్లి పది మందితో గడపడం వల్ల ఎవరికీ నువ్వు రోజువారీ మనిషివి కావు. ఆ పదిమందిలో ఒకరిద్దరితో మాత్రం జ్వరం వచ్చినప్పుడు ఫోన్ చేసేంత చనువు పెంచుకో. పెద్ద నగరాల తెలుగు సంఘాలు ఉగాదికి హాలు తీసుకుని కార్యక్రమాలు బాగానే చేస్తాయి, పిల్లలున్నవాళ్లకు అవి అవసరం కూడా. ఒంటరిగా ఉన్నవాళ్లకు మాత్రం వేదిక మీది ప్రసంగాలు, ఫోటోల మధ్య అయిదారు గంటలు గడిపి వచ్చినంత మాత్రాన ఒరిగేది తక్కువ.

ఇక వీడియో కాల్. రోజంతా తెరిచి ఉంచితే అమ్మకూ పని సాగదు, నీకూ సాగదు. ఉదయం డ్యూటీ రెండింటికి ముగిసే రోజుల్లో అక్కడ సాయంత్రం అయిదున్నరో ఆరున్నరో అవుతుంది, ఆ వేళ ఇంటికి ఫోన్ చేయడానికి బాగుంటుంది. మధ్యాహ్నం డ్యూటీ రోజుల్లో వాయిస్ మెసేజ్ పంపు, అమ్మ పొద్దున లేచి వింటుంది. ఆమె నిద్ర చెడదు, నీకూ ఆ అపరాధ భావం ఉండదు.

గోంగూర తోట రాసిన సమాధానం:

జగిత్యాల నర్సు గారూ, నేను లైప్‌జిగ్‌లో ఉంటాను, మాది గుంటూరు. అక్క గారు చెప్పిన దానితో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, పనిచోట స్నేహాల మీద నాకు అంత నమ్మకం లేదు. జర్మన్లు ఉద్యోగాన్నీ సొంత జీవితాన్నీ విడివిడిగా ఉంచుకుంటారు. వాళ్లు పరాయివాళ్లతో కలిసేది ఎక్కువగా సంఘాలలో. 'ఫెరైన్' అని పిలిచే నమోదైన సంఘాలు ఈ దేశంలో ఆరు లక్షలకు పైగా ఉన్నాయి. పాడేవాళ్లకు ఒకటి, నడిచేవాళ్లకు ఒకటి, అగ్నిమాపక స్వచ్ఛంద సేవకులకు ఒకటి, ఇలా ఏ ఊళ్లో చూసినా ఉంటాయి. వీటిలో మీ వంటి వారికి నేను గట్టిగా చెప్పేది తోటల సంఘం గురించి.

పట్టణం అంచున చిన్న చిన్న మళ్లుగా విభజించి, ప్రతి మడిలో సామాన్లు పెట్టుకోవడానికి ఒక చిన్న కొట్టు గది కట్టుకున్న తోటలు మీరు రైలులోంచి చూసే ఉంటారు. వాటికి శ్రేబర్ తోటలని పేరు రావడానికి మూలమైన సంఘం 1864లో లైప్‌జిగ్‌లోనే మొదలైంది, సాక్సనీలో ఇవి లేని ఊరు ఉండదు. 1983 నాటి చట్టం ప్రకారం ఒక్కో మడి 400 చదరపు మీటర్లు మించకూడదు, కొట్టు 24 చదరపు మీటర్లు మించకూడదు, దాని మీద వచ్చిన కోర్టు తీర్పు ప్రకారం కనీసం మూడో వంతు నేలలో కూరగాయలో పండ్లో పండించాలి. పెద్ద నగరాలలో మడి దొరకాలంటే ఏళ్ల తరబడి వేచి ఉండాలి గానీ సాక్సనీ చిన్న పట్టణాలలో ఖాళీ మళ్లు చాలాచోట్ల ఉన్నాయి. కౌలు కూడా తక్కువే. సభ్యులందరూ ఏటా కొన్ని గంటలు ఉమ్మడి పని చేయాలి. కంచె బాగుచేయడం, దారి ఊడ్చడం వంటివి. మొదట్లో ఆ నిబంధన నాకు చాదస్తంగా అనిపించింది. ఇప్పుడు చూస్తే, పక్క మడి ముసలాయన నాతో మొదట మాట్లాడింది ఆ ఉమ్మడి పనిలోనే, అదీ నేను పార సరిగా పట్టుకోలేదని దెప్పడానికి. తరువాత ఆయనే గులాబీలు కత్తిరించడం నేర్పాడు, నేను ఊరికి వెళ్లినప్పుడు నా మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు.

గోంగూర ఇక్కడ బ్రహ్మాండంగా వస్తుంది. విత్తనాలు మార్చి చివర్లో కిటికీ దగ్గర కుండీలో వేసి, మే నెల మధ్యలో వచ్చే 'ఐస్‌హైలిగె' రోజులు దాటాక, అంటే మంచు పడే భయం పోయాక నేలలో నాటాలి. పగలు తగ్గితేనే గోంగూర పూతకు వస్తుంది, ఇక్కడ వేసవి పగళ్లు చాలా పొడవు కాబట్టి పూతకు పోకుండా అక్టోబరు మంచు దాకా ఆకు కోస్తూనే ఉండవచ్చు. నా మడి చుట్టూ ఉన్న జర్మన్లలో ముగ్గురు ఇప్పుడు గోంగూర పచ్చడి తింటున్నారు. కారం బాగా తగ్గించి చేస్తున్నానని ఒప్పుకోక తప్పదు.

కోరుట్ల కాక రాసిన సమాధానం:

బిడ్డా, మీ జిల్లావాణ్ణే. నేను జర్మనీ చూడలేదు, దుబాయిలో చాలా ఏళ్లు పనిచేసి వచ్చాను. తిరిగి వెళ్లిపోవాలా అని అడిగావు కాబట్టి, తిరిగి వచ్చినవాడిగా రెండు మాటలు రాస్తున్నాను.

మా కాలంలో జగిత్యాల, నిర్మల్, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి వెళ్లినవాళ్లకు సోనాపూర్ లేబర్ క్యాంపులో ఒక్కో గదిలో ఎనిమిది మంది, పది మంది, మంచం మీద మంచం. చుట్టూ తెలుగే, ఒంటరితనానికి చోటే లేదు. అయినా బెంగ ఉండేది. నీ సంగతి చదివాక నాకు తట్టిన తేడా ఒకటి ఉంది. మేము ఎన్నేళ్లు ఉన్నా అక్కడివాళ్లం కాలేమని మాకు మొదటి రోజే తెలుసు. వీసా యజమాని చేతిలో ఉండేది, పని అయిపోతే విమానం ఎక్కాల్సిందే. అందుకే కలవాలని ఎవరమూ ప్రయత్నించలేదు, పైసలు పంపడం, రోజులు లెక్కపెట్టడం, అంతే. నీకు ఉండిపోవడానికి దారి ఉంది, ఉండకపోవడానికీ ఉంది. మనసు ఊగిసలాడేది అక్కడే. అది నీ బలహీనత అనుకోకు.

తిరిగి వచ్చాక ఏమైందంటే, ఊరు నేను వదిలినట్టు లేదు. నాతో తిరిగిన వాళ్లలో కొందరు హైదరాబాదు పోయారు, కొందరు భివండీ పోయారు, కొందరు లేనే లేరు. పిల్లలు నన్ను చుట్టం వచ్చినట్టు చూశారు. రచ్చబండ దగ్గర అందరూ మాట్లాడుకునే విషయాలలో నాకు తెలియనివే ఎక్కువ. కుదురుకోవడానికి అక్కడ పట్టినంత కాలం ఇక్కడా పట్టింది. కాబట్టి తిరిగి రావడం మందు అనుకుని రాకు. అమ్మానాన్నలను చూసుకోవాలనో, ఇక్కడే పని చేయాలనో ఒక గట్టి పని పెట్టుకుని వస్తే అది వేరే సంగతి.

ఇంకొక మాట. ఇంటికి ఫోన్ చేసినప్పుడు 'మంచిగున్న' అనే చెబుతావని నాకు తెలుసు, మేమందరమూ అదే చెప్పాం. అమ్మకు చెప్పకపోతే మానె, అన్నకో చెల్లెకో ఒక్కరికైనా ఉన్నది ఉన్నట్టు చెప్పు. వెళ్లడానికి అప్పు చేసి ఉంటే అది ఎంత తీరిందో కూడా వాళ్లకు తెలియనివ్వు. బాకీ గుట్టు ఒక్కడే మోసినవాళ్లకు ఆ దేశం మీద ప్రేమ పుట్టదు, అది ఏ దేశమైనా సరే.

విశాఖ మనోవైద్య విద్యార్థిని రాసిన సమాధానం:

పైవారు చెప్పిన అనుభవాలకు వైద్యం వైపు నుంచి కొంత చేర్చాలనిపించింది. ఇంటి బెంగను జబ్బుగా వర్ణిస్తూ మొదట వైద్య పరిశోధన పత్రం రాసినవాడు జోహన్నెస్ హోఫర్ అనే విద్యార్థి, 1688లో స్విట్జర్లాండులోని బాసెల్‌లో. ఆయన చెప్పిన రోగులలో ఒకడు బెర్న్ నుంచి బాసెల్‌కు చదువుకోవడానికి వచ్చిన యువకుడు. అతడు చావు అంచుదాకా వెళ్లి, ఇంటికి పంపిస్తున్నామని చెప్పి బయలుదేరదీసేసరికి దారిలోనే కోలుకున్నాడట. ఆ రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు వంద కిలోమీటర్లు, అంటే మనకు కరీంనగర్ నుంచి హైదరాబాదంత కూడా లేదు. విమానంలో వచ్చినవాళ్లకే బెంగపడే హక్కు ఉంటుందని, తక్కినవాళ్లు సర్దుకోవాలని అనేవాళ్లకు ఈ ఉదాహరణ చెబుతుంటాను.

ఈ రోజుల్లో దాన్ని జబ్బుగా లెక్కించరు, కానీ దాని చాటున కుంగుబాటు దాగి ఉండవచ్చు. బెంగ సాధారణంగా అలలుగా వస్తుంది, స్నేహితుల మధ్య ఉన్నప్పుడు తగ్గుతుంది, ఇష్టమైన కూర వండితే ఆ పూటకు సంతోషం ఇస్తుంది. అలా కాకుండా రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర లేదా ఆకలి బాగా మారిపోవడం, నేను ఎందుకూ పనికిరానన్న భావం వెంటాడడం, బతకాలని లేకపోవడం వంటివి ఉంటే దాన్ని బెంగ అని సరిపెట్టుకోకూడదు. మీరు రాసినదాన్ని బట్టి లైప్‌జిగ్‌లో హాయిగా ఉండగలుగుతున్నారు కాబట్టి అంత ఆందోళన అక్కరలేదని నాకు అనిపిస్తోంది, అయినా ఉత్తరం చదివి నిర్ధారించడం సాధ్యం కాదు.

ఋతువును కూడా లెక్కలోకి తీసుకోండి. డిసెంబరులో మీ ప్రాంతంలో సూర్యుడు ఉదయం ఎనిమిది దాటాక ఉదయించి సాయంత్రం నాలుగింటికే అస్తమిస్తాడు. ఉదయం డ్యూటీ చేసేవాళ్లకు వెలుతురు కనిపించేది రెండు గంటలే. డ్యూటీ దిగగానే గదికి వెళ్లకుండా మబ్బుగా ఉన్నా సరే ఆ కాసేపు బయట నడవండి, మీ కుటుంబ వైద్యుడిని అడిగి విటమిన్ డి పరీక్ష చేయించుకోండి. మనోవైద్య సలహాకు మొదటి అపాయింట్‌మెంటు 116117 నంబరు ద్వారా దొరుకుతుంది, ప్రభుత్వ ఆరోగ్య బీమా ఆ ఖర్చు భరిస్తుంది. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 'టెలిఫోన్ జేల్‌జోర్గె' అనే సేవ రాత్రింబవళ్లు ఉచితంగా పనిచేస్తుంది, పేరు చెప్పనక్కరలేదు.

జగిత్యాల నర్సు:

అందరికీ కృతజ్ఞతలు. రూర్ అక్క చెప్పింది నిజమే, గుర్తింపు పరీక్ష ఇంకా రాయలేదు, వచ్చే చలికాలంలో ఉంది. హోదా సంగతి చదివినప్పుడు చాలాసేపు ఏడ్చాను, ఆ ఏడుపు మంచిదే అనిపించింది. కాక రాసింది అన్నకు పంపించాను. గోంగూర తోట గారూ, మా పట్టణంలో తోటల సంఘం చిరునామా దొరికింది, వచ్చే వారం వెళ్లి అడుగుతాను. ఇంకొక్క ప్రశ్న. ఈసారి సద్దుల బతుకమ్మకు ఒంటరిగా గదిలో కూర్చోకూడదని నిశ్చయించుకున్నాను. వార్డులోని ముగ్గురు నలుగురిని పిలవాలని ఉంది. తంగేడు, గునుగు లేకుండా ఇక్కడ బతుకమ్మ పేర్చవచ్చా? పిలిస్తే వస్తారా?

రూర్ అక్క:

వస్తారు, కానీ నెల ముందు చెప్పాలి. ముందుగా డ్యూటీ చార్టులో ఆ రోజు నీకు సెలవు కావాలని రాసి పెట్టుకో, దాన్ని ఇక్కడ 'వున్ష్‌ఫ్రై' అంటారు, ముందే రాసినవాళ్ల కోరికను సాధారణంగా మన్నిస్తారు. పువ్వుల విషయంలో బాధపడకు, సెప్టెంబరు, అక్టోబరు ఇక్కడ పువ్వుల కాలమే. ఊరి బయట రోడ్డు పక్కన పొలాలలో మనమే పువ్వులు కోసుకుని డబ్బాలో డబ్బులు వేసే చోట్లు ఉంటాయి, కత్తి కూడా అక్కడే కట్టి ఉంచుతారు. డాలియాలు, ఆస్టర్లు, పొద్దుతిరుగుడు పువ్వులు దొరుకుతాయి. గునుగు జాతి మొక్కనే 'సెలోజియ' పేరుతో పువ్వుల దుకాణాలలో కుండీలలో అమ్ముతారు. మన గునుగంత పొడవు ఉండదు గానీ, పేర్చడానికి పనికివస్తుంది. తంగేడు మాత్రం దొరకదు, పసుపు రంగు బంతి పెట్టుకో. అడుగున పరచడానికి గుమ్మడి ఆకులు కావాలంటే ఈ కాలంలో ప్రతి తోటలోనూ ఉంటాయి, తోటల సంఘంలో అడగడానికి నీకు అదొక మంచి సాకు. మలీద ముద్దలు చెయ్యి, నెయ్యి, బెల్లం కాబట్టి వాళ్లకు నచ్చుతాయి. పులిహోరలో మిరపకాయలు తగ్గించు. పాట మనం మొదలుపెడితే వాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతారు, మా వార్డువాళ్లు తిరిగారు.

నిమజ్జనం ఒక్కటే జాగ్రత్త. ఊరి చెరువులో పువ్వులు వదలడానికి కొన్నిచోట్ల అనుమతి అవసరం. పట్టణ కార్యాలయానికి ఈమెయిలు రాస్తే చెబుతారు, జవాబుకు వారాలు పట్టవచ్చు కాబట్టి ఆగస్టులోనే రాయి. కుదరదంటే పెద్ద తొట్టెలో నీళ్లు పోసి అందులో వదిలి, మరునాడు ఆ పువ్వులను తోటలో ఎరువు కుప్పలో వెయ్యి. ప్లాస్టిక్ పళ్లెం, దారం, రంగు కాగితం మాత్రం వాడకు.